కడగని అర

“రేపటినుంచి అమ్మ కాలు నేను కడుగుతాను. నువ్వు కాస్త తెరిపిన పడు” అన్నాడు హరిచరణ్, ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచుతూ. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

మరొకరైతే కళ్ళు చెమర్చుకునేవారేమో. నా మొగుడు తాగిన కాఫీ గ్లాసుని సింకు దాకా మోసిన పాపాన పోలేదు. తడి తువ్వాలు మంచం మీదే ఆరుతుంది, విడిచిన చొక్కా కుర్చీకి వేలాడుతుంది, అవన్నీ వాటంతట అవే ఉతుక్కుని బీరువాలోకి నడిచి వెళ్తాయని ఆయన నమ్మకం. అటువంటి మనిషి షుగరు పుండు పడ్డ కాలిని ఒళ్ళో పెట్టుకుని, రసి తుడిచి, కట్టు మారుస్తానంటే ఊరికే నమ్మడానికి నేనేమీ నిన్న కాపురానికి రాలేదు. ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేయించుకోవాలా అనుకున్నాను. తల్లికీ నాకూ మధ్య ఏదైనా పుల్ల పెట్టాలా అనుకున్నాను. ఏదీ సరిపోలేదు. అయినా అనుమానం పోలేదు.

మా మావగారు వేంకటాచలంగారు మంచాన పడేదాకా రాజాం దగ్గర పల్లెలో అర్చకత్వం చేశారు. ఆయన పోయాక మా అత్తగారు జగదీశ్వరి మా ఇంటికి వచ్చేశారు. ఆవిడతోపాటు ఆవిడ మడీ వచ్చింది. కిందటి వేసవిలో మిట్టమధ్యాహ్నం రాతి నేల మీద చెప్పుల్లేకుండా గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి, కుడికాలి బొటనవేలి కింద బొబ్బ తెచ్చుకున్నారు. షుగరు ముదిరిన కాలికి వేడీ తెలియదు, నొప్పీ తెలియదు. బొబ్బ పుండయ్యే దాకా ఆవిడ చూసుకోలేదు. అప్పటినుంచి పొద్దున్న లేస్తే ఆ కాలు నా ఒళ్ళో ఉండేది. వరండాలో పీట వేసుకుని, డాక్టరు చెప్పిన నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో అద్ది, కట్టు కట్టి, అప్పుడు నేను స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు చూసేవారు. ఎవరూ ఏమీ అనలేదు. కోడలు అత్తగారి కాలు కడగడం కూడా ఒక వార్తేనా.

కొడుకు కడగడం మాత్రం వార్తే. వారం తిరక్కుండా వీధి వీధంతా తెలిసిపోయింది. అత్తయ్యే చెప్పారు, పాలవాడితో సహా అందరికీ. విజయనగరం నుంచి ఆడపడుచు హైమవతి ఫోన్ చేసి, మా అన్నయ్య దొరకడం నీ అదృష్టం వదినా, అటువంటి కొడుకులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు, అంది. ఎక్కడో లేడు, తలుపేసుకుని గదిలో ఉన్నాడు, అందామని నోటిదాకా వచ్చింది. అవును, తలుపు వేసుకునేవాడు. అదేమిటంటే, అమ్మకి సిగ్గుగా ఉంటుంది కదా, అన్నాడు. ఇన్నాళ్ళూ వరండాలో, వచ్చేపోయే వాళ్ళందరి ఎదుటా నేను కడిగినప్పుడు లేని సిగ్గు ఇప్పుడు ఎక్కడినుంచి ఊడిపడిందో.

కాలేజీలో మాత్రం ఆయన్ని సార్ అని పిలవాలి. మా ఇద్దరిదీ ఒకటే ఇంజినీరింగ్ కాలేజీ. ఆయన కెమిస్ట్రీ హెడ్డు. నేను ఆయన ప్రాజెక్టులో అసిస్టెంటుని. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో చేరాను గానీ, సగంలో ఉండగా మావగారు మంచాన పడ్డారు. ఆయన్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు పల్లెలో దగ్గరుండాలన్నారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకరే. తర్వాత హరిచరణ్‌కి ఈ ప్రాజెక్టు వచ్చింది. చదువుకున్న చెయ్యి ఇంట్లో ఉండగా బయటివాళ్ళెందుకని నన్ను పెట్టుకున్నాడు. ఇంట్లో వంట చేసే చేతినే ల్యాబులోనూ వాడుకున్నట్టు. కానీ నిజం చెప్పాలంటే, ఆ ల్యాబులో అడుగుపెట్టిన రోజు నాకు పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

మేము చేసేది పుండ్ల మీద వేసే జెల్. భావనపాడు తీరం వైపు నుంచి ఎండిన రొయ్య పెంకుల సంచులు వస్తాయి. ఆ పెంకుల్ని శుభ్రం చేసి వాటిలోంచి ఒక పిండి తీస్తాం. ఆ పిండిని కరిగించి, కంటికి ఆనని వెండి రేణువులు కలిపి, గట్టిపరిచే మందు చుక్కలు వేస్తే, నానిన సబ్జా గింజల్లా నీటిని పట్టుకుని ముద్దగా నిలుస్తుంది. పుండు మీద వేస్తే తడి ఆరనివ్వదు. వెండి కొద్దికొద్దిగా దిగి క్రిముల్ని చంపుతుంది. వెండి రేణువులు మరీ పెద్దవైతే పనిచేయవు, మరీ ఎక్కువైతే క్రిములతోపాటు కొత్తగా పుట్టే కండనీ చంపేస్తాయి. ఆ మోతాదు కుదరడానికి ఎన్ని ముద్దలు పారబోశానో నాకే తెలుసు. చివరికి తేనెరంగులో, వేలితో నొక్కితే వెనక్కి లేచే జెల్ వచ్చిన రోజున తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను. అది ఇంకా గాజు గిన్నెల్లో పెంచే కణాల మీదే తప్ప, మనిషి ఒంటిమీద వేసి చూడలేదు. దానికి చాలా అనుమతులు కావాలి.

ఈ పనిలో సగం కడగడమే. గట్టిపరిచే మందు చాలా ఘాటైనది, పచ్చి తోలు కుళ్ళకుండా పదును చేయడానికి కూడా వాడతారు. జెల్ బిగుసుకున్నాక లోపల మిగిలిన మందు పోవాలంటే నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి, అలా రోజుల తరబడి కడగాలి. మా పేపర్లలో ‘అనంతరం జెల్‌ను పలుమార్లు కడగడమైనది’ అని ఒక వాక్యం ఉంటుంది. పేపర్లో నేనున్నది ఆ ఒక్క వాక్యంలోనే, పేరు లేకుండా. కడిగినవీ కడగనివీ కలిసిపోకుండా ఫ్రిజ్‌లో రెండు అరలు పెట్టాను, అచ్చం మా అత్తగారి వంటింట్లో లాగా. పైది మడి అర, కడిగినవి. కిందది మైల అర, ఇంకా కడగనివి. ల్యాబు అటెండరు దుర్గా నేనూ అలాగే పిలుచుకుని నవ్వుకునేవాళ్ళం. రొయ్య పెంకు జెల్‌కి మడేమిటమ్మా, అని దుర్గ పడీపడీ నవ్వేది.

ఇంటికొచ్చాక నవ్వు ఉండేది కాదు. అత్తయ్య గుమ్మంలోనే ముక్కు మూసుకునేవారు. “నీచు కంపు కొడతన్నావే. తలంటుకుని గానీ పొయ్యి ముట్టుకోకు” అనేవారు. పొద్దున్న ఒక స్నానం, సాయంత్రం ఒక స్నానం. డిసెంబరు చలిలో తడిజుట్టుతో అన్నం వార్చేదాన్ని. అదే ల్యాబునుంచి, అదే కారులో, నా పక్కనే కూర్చుని వచ్చిన కొడుకు మాత్రం నేరుగా వెళ్ళి పూజగదిలో దండం పెట్టుకునేవాడు. ఆయనకి నీచు అంటలేదు. అంటుకునే పని ఆయన చేస్తే కదా.

ఇలా ఉండగా కింద అర గిన్నెల్లో జెల్ తగ్గుతున్నట్టు కనిపెట్టాను. మొదట నా కళ్ళనే అనుమానించాను. తర్వాత దుర్గని. వాళ్ళాయనకి గ్యాసు పొయ్యి దగ్గర చెయ్యి కాలిందని అంతకుముందే చెప్పింది. అడగకూడదు గానీ, అడిగేశాను. దుర్గ చేస్తున్న పని ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

“ఆ సల్లటి ముద్ద నానేటి సేసుకుంతాను మేడమ్? సార్ గారే అట్టుకెళ్తన్నారు కదా, సిన్న డబ్బాలో ఏసుకుని. మీకు సెప్పలేదేటి?”

చెప్పలేదు. దుర్గని నొచ్చుకోవద్దని బతిమాలి బయటికి వచ్చాను. ఆయనే పట్టుకెళ్తే ఎక్కడికి? ఏ కంపెనీకైనా నమూనా ఇస్తున్నాడా? నా జెల్‌ని నాకు తెలియకుండా అమ్ముకుంటున్నాడా? నిజంగా, అప్పటికీ నాకు ఇల్లు తట్టలేదు. అమ్ముకోవడం దాకా వెళ్ళిన నా బుద్ధి, మూసిన తలుపు దాకా రాలేదు.

తట్టింది రివ్యూ రోజున. ప్రాజెక్టుని చూడడానికి బయటినుంచి పెద్దలు వస్తున్నారు. ఆమదాలవలసలో రైలు దిగుతారంటే వాళ్ళని తీసుకురావడానికి హరిచరణ్ తెల్లారేసరికే బయల్దేరాడు. బయటి భోజనం ఎందుకు, కౌముది చేస్తుంది, అని నా పేరు చెప్పి ముందే అందరికీ మాటిచ్చేశాడు. పులిహోర, వంకాయ కూర, పప్పుచారు, ఆవ పెట్టిన పనసపొట్టు, అన్నీ క్యారియర్లకి ఎత్తాను. వెళ్తూ వెళ్తూ ఆయన, ఇవాళ కట్టు విప్పకు, సాయంత్రం నేనే చూస్తాను, అన్నాడు. అత్తయ్యకి కాఫీ ఇవ్వడానికి వంగినప్పుడు కాలి దగ్గరనుంచి ఒక వాసన వచ్చింది. చీము వాసన కాదు. మగ్గి పాడైన యాపిల్ పండు వాసన, ముక్కులో గుచ్చుకునే ఘాటు. అది నా ల్యాబు వాసన. వాసన వస్తోందని చెప్పి కట్టు ఒకసారి చూస్తానంటే, “వాడు వద్దన్నాడుగా. మానిపోతన్నాదిలే, నువ్వు కెలక్కు” అని కాలు వెనక్కి తీసుకున్నారు.

సెమినార్ హాల్లో నేను వెనక, దుర్గతోపాటు విస్తళ్ళ దగ్గర నిలబడ్డాను. హరిచరణ్ ఇస్త్రీ చొక్కాలో, నేను ఇస్త్రీ చేసిన చొక్కాలోనే, తెర ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. బాగానే మాట్లాడతాడు, అది ఒప్పుకోవాలి. రొయ్య పెంకులు, వెండి రేణువులు, గాజు గిన్నెల్లో కణాలు. తర్వాత ఒక పాదం వచ్చింది. బొటనవేలి కింద పుండు. ఆ పాదాన్ని కిందనుంచి పట్టుకున్న చెయ్యి, బొటనవేలి మొదట్లో కుక్కరు కాల్చిన మచ్చ. ఆ చెయ్యి నాది. ఆ ఫొటో తీసినరోజు నాకు గుర్తుంది. కాస్త ఎత్తి పట్టుకో, డాక్టరుకి పంపాలి, అన్నాడు. నన్ను మణికట్టు దగ్గర కత్తిరించేసి మిగిలింది తెరకెక్కించాడు.

ఆ పక్కనే ఇంకో ఫొటో, నెల తర్వాతదట. పుండు లేదు. గోధుమరంగు పొర కప్పేసింది. హాల్లో చప్పట్లు. కింద చిన్న అక్షరాల్లో, వయోవృద్ధురాలైన మధుమేహ రోగి, స్వచ్ఛంద అంగీకారంతో, అని ఉంది. వచ్చినవాళ్ళలో ఒకాయన, చేతికి తొడుగు లేకుండా పట్టుకున్నారే, నర్సా, అని అడిగాడు. హరిచరణ్ నవ్వి, “ఇంటి మనిషి లెండి” అన్నాడు.

నాకు చప్పట్లు వినిపించడం మానేశాయి. ఆ రెండో ఫొటోనే చూస్తున్నాను. నెలల తరబడి ఆ పుండుని పొద్దున్నే చూసినదాన్ని, కొత్త చర్మం ఎలా వస్తుందో నాకు తెలియదా? అంచులనుంచి గులాబీరంగులో, ఉల్లిపొరంత పల్చగా వస్తుంది. ఇది మధ్యలోనే బిగుసుకుంది, చెప్పు తోలులాగా. పుండు మానితే అలా ఉండదు. పుండుని తోలులా పదును చేస్తే అలా ఉంటుంది.

విస్తళ్ళు ఎత్తి, మిగిలిన పులిహోర దుర్గకి ఇచ్చి, అతిథులు కారెక్కేదాకా నవ్వుతూ నిలబడ్డాను. అలవాటైపోయిన నవ్వు అది, దానికి నాతో పని లేదు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే కారులో, ఖాళీ క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని అడిగాను.

“ఏ అరలోంచి తీశారు?”

ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత తెలిసిపోయిందన్నమాట అనుకున్నాడేమో, గొంతు సవరించుకుని, అమ్మకి మంచి జరిగిందా లేదా అది చెప్పు, అన్నాడు. నేను మళ్ళీ అదే అడిగాను. పైదా, కిందదా.

“ముందు ఏది చేతికందితే అది. అన్నీ ఒకటేగా.”

“కింద అరలోవి కడగనివి.”

“కడక్కుండా ఎందుకు పెట్టావు ఫ్రిజ్‌లో?” అన్నాడు.

చూడండి, తప్పు ఎంత సులువుగా నా ఒళ్ళో క్యారియర్ల మధ్యకి వచ్చి కూర్చుందో. కానీ నాకు కోపంకన్నా ముందు ఒక సంగతి అర్థమైంది. ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆయన ఎప్పుడు చెయ్యి చాపినా కడిగిన కంచమే అందింది. కడిగిన గ్లాసు, ఉతికిన చొక్కా, కడిగిన గాజు గిన్నె. ప్రపంచంలో వస్తువులు కడిగే ఉంటాయని ఆయన నిజంగానే అనుకుంటాడు. కడగడమైనది అని పేపర్లో తనే రాసుకున్నాడు, ఎవరో ఎప్పుడో కడిగేసే ఉంటారు. రెండు అరలున్నాయని, వాటి మధ్య రోజుల తరబడి ఒక మనిషి నీళ్ళు మారుస్తూ నిలబడుతుందని, కెమిస్ట్రీ హెడ్డుకి తెలియదు. దుర్గకి తెలుసు. మా అత్తగారికి చెబితే ఒక్క మాటలో తెలుస్తుంది.

రేపే ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. ఆయన బండి నెమ్మది చేసి, చాలా మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనానికే నాకు మళ్ళీ అనుమానం వేసింది. పైన మానింది కదా, తొందరేముంది, రివ్యూ వాళ్ళ ఆమోదం రానీ, అన్నాడు. నీ ఉద్యోగం పర్మినెంటు చేయమని ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను, ఈసారి పేపర్లో నీ పేరు కూడా వేస్తాను, అన్నాడు. ఇది బయటపడితే పోయేది నా ఒక్కడి పేరే కాదు, నీ జెల్ కూడా పోతుంది, అన్నాడు. మొదటిసారి నీ జెల్ అన్నాడు. “అమ్మకి మాత్రం చెప్పకు. రొయ్య పెంకని తెలిస్తే అన్నం మానేస్తుంది. నేను అడక్కపోవడానికి కారణమూ అదే. ఆవిడ నా తల్లి, నాకు లేని బాధ నీకా?”

అబద్ధమెందుకు, నాకు భయం వేసింది. జెల్ పోతుందని. అనుమతి లేకుండా మనిషి మీద వాడారంటే ప్రాజెక్టు మూసేస్తారు, నా తేనెరంగు ముద్దని విషమని పేరుపెట్టి పారబోస్తారు. ఆ భయం ముందు వచ్చింది. అత్తయ్య కాలు తర్వాత గుర్తొచ్చింది. అలా వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ కాకి మా ఇంట్లో ఆయన ఒక్కడే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఆవిడకి తెలుసేమో. తల్లీకొడుకులు మాట్లాడుకునే తలుపేసుకున్నారేమో. నన్ను వెర్రిదాన్ని చేసి నా జెల్‌తో ఆవిడ కాలు నయమైపోతే, ఇద్దరూ కలిసి నవ్వుకుందామనుకున్నారేమో. ఈ ఇంట్లో మాటలు నా చెవిదాకా వచ్చేసరికి ఎప్పుడూ నిర్ణయాలుగా మారిపోయి ఉంటాయి. అందుకని మర్నాడు పొద్దున్న హరిచరణ్ కాలేజీకి వెళ్ళాక, నాకు ఒంట్లో బాగాలేదని ఉండిపోయి, ముందు ఆవిడనే అడిగాను. ఆవిడ వరండాలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. అబ్బాయి ఏం మందు పెడుతున్నాడో మీకు చెప్పాడా, అన్నాను.

“బెంగుళూరు నించి తెప్పించేడట. మంచి మందట. నీకు చెప్పొద్దన్నాడు, నువ్వు అడ్డం పడతావని.”

అంటే ఆవిడని నామీద, నన్ను ఆవిడమీద కాపలా పెట్టి, మధ్యలో తలుపేసుకున్నాడు. నేను ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాను. రొయ్య పెంకుల దగ్గర మొదలుపెట్టాను. చెబుతుంటే ఆవిడ చేతిలో దూది ఆగిపోయింది. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు శివశివా అంటారు, నూతి దగ్గరికి పరిగెడతారు, అనుకుంటూనే చెప్పాను. రెండు అరల సంగతి చెప్పాను. తెర మీద పాదం సంగతి, నా చెయ్యి సంగతి, కింద అక్షరాల సంగతి కూడా చెప్పాను.

ముందుగా ఆవిడ అడిగినది రొయ్య గురించి కాదు.

“మైల అరలోది పెట్టీసేడా?” అన్నారు.

“అవునండీ.”

“నేను ఒప్పుకున్నానని రాసేడా?”

“రాశారు.”

ఆవిడ ఆ వత్తిని పూర్తిచేసి మిగతా వత్తుల పక్కన పెట్టారు. “రొయ్యయితేనేటి, పీతయితేనేటి, మందుకి మడేటి? మీ మావగారు పోయేముందు ఇచ్చిన ఇంజెక్షన్లలో ఏటుందో నేనడిగేనా? కానీ ఆ డాక్టరు అడిగేడు. ఇస్తున్నానమ్మా, ఒప్పుకుంటారా, అని నన్ను అడిగేడు. నా కాలే కదా ఇది. కన్నకొడుకు నన్నొక మాట అడిగితే ఏటి పోయింది?” దూది పక్కకి నెట్టారు. “ఆటో పిలు. శ్రీకాకుళం పోదాం” అన్నారు.

నేను లేవబోతుంటే, కట్టు విప్పు, అన్నారు. విప్పాను. తోలుపొర అలాగే ఉంది, మెరుస్తూ. వేలితో పక్కన మెల్లిగా నొక్కితే, లోపల నీళ్ళతిత్తిలా కదిలింది. పాదం పైభాగం ఎర్రబడి, చీలమండ దాకా వేడిగా ఉంది. ఆవిడకి నొప్పి తెలియడం లేదు. కాలి వంక కాకుండా నా మొహం వంక చూస్తూ కూర్చున్నారు. అందులోనే ఆవిడకి కావలసింది తెలిసిపోయిందనుకుంటాను.

ఆటోలో కాలు నా ఒళ్ళోనే ఉంది. హరిచరణ్‌కి ఫోన్ చేసి ఎక్కడికి వెళ్తున్నామో ఒక్కటే చెప్పి పెట్టేశాను. పాలకొండ రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా అత్తయ్య నా భుజం పట్టుకున్నారు. నేను ల్యాబు నుంచి వచ్చినప్పుడు కొంగు తగిలినా మళ్ళీ స్నానం చేసే మనిషి.

ఆసుపత్రిలో డాక్టరు పెద్దామె. పొరని ఒక పక్కనుంచి ఎత్తగానే లోపలిది బయటికి వచ్చింది. నేను మొహం తిప్పుకోలేదు. డాక్టరు చెయ్యి ఆపకుండానే చెప్పింది, ఇది మానడం కాదమ్మా, పైన మూత బిగిసింది, లోపల చీముకి దారిలేక ఎముక వైపు పోతోంది, అని. వేలు పోవచ్చు, కాలు దక్కాలి, అంది. “దీని మీద ఏం పెట్టారు? సరిగ్గా చెప్పండి. ఏ మందో తెలిస్తే ఎంతవరకు తియ్యాలో నాకు తెలుస్తుంది.”

సరిగ్గా అప్పుడే హరిచరణ్ వచ్చాడు. నుదుటిమీద చెమట, మెడలో కాలేజీ కార్డు అలాగే ఉంది. తల్లి మొహం చూడలేదు, నా మొహం చూడలేదు, డాక్టరునే చూశాడు.

“కలబందా, పసుపూ అండీ. ఇంటి వైద్యం” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “అమ్మ కాలు మా ఆవిడే చూసుకుంటుంది” అన్నాడు.

పరవాలేదు, తెర మీద కత్తిరించిన చెయ్యిని ఇక్కడ మళ్ళీ తెచ్చి నాకు అతికించాడు. జెల్ గొప్పదైనప్పుడు ఇంటి మనిషి, కాలు కుళ్ళినప్పుడు మా ఆవిడ. ఆయన కళ్ళు అప్పుడు నావైపు తిరిగాయి. అందులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది, నీ ఉద్యోగం ఉంది, నీ పేరూ ఉంది. నేను నోరు మూసుకుంటే ఇవన్నీ నావే. కలబంద రసం పెట్టిన తెలివితక్కువ కోడలిగా నాలుగు చీవాట్లు తింటే చాలు. అటువంటివి తినడం నాకు కొత్తా? కానీ కత్తి పట్టుకుని డాక్టరు ఆగి ఉంది. ఏం పెట్టారో తెలియకుండా ఎక్కడిదాకా కోస్తుంది?

“కాదండీ. అది హైడ్రోజెల్” అన్నాను. “రొయ్య పెంకు పిండి, వెండి నానో రేణువులు, గట్టిపడడానికి గ్లూటరాల్డిహైడ్. అది కడిగి తీయలేదు, అందుకే పొర తోలులా బిగుసుకుంది. జెల్ చేసింది నేను. పెట్టింది ఈయన. రెండూ విడివిడిగా రాసుకోండి.”

డాక్టరు మా ముగ్గురినీ ఒకసారి చూసి, నర్సుకి ఏదో చెప్పి, కాగితం దగ్గరికి లాక్కుంది. మోతాదులు అడిగింది, చెప్పాను. వెండి ఎంత, మందు ఎంత, ఎన్నాళ్ళు నానాలి, ఏది నానలేదు. నా జెల్ గురించి నన్ను ఎవరైనా అడగడం, నేను చెబుతుంటే ఎవరైనా రాసుకోవడం, అదే మొదటిసారి. అది ఇలా వస్తుందనుకోలేదు. ఒక్క అంకె తప్పు చెప్పలేదు.

అత్తయ్య బల్లమీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తున్నారు. కొడుకు చెయ్యి పట్టుకోబోతే ఆవిడ చెయ్యి నావైపు జరిగింది.

“రాస్తున్నారా అమ్మా?” అని డాక్టరుని అడిగారు. “నన్నెవరూ అడగలేదని కూడా రాయండి.”